మా బాపు తెల్ల అంగి

వరంగల్ కాశిబుగ్గలో మా వాడ మొత్తానికి తెలిసి, మా బాపు ఒక్కడికే తెలియని సంగతి ఒకటుండేది. ఆయన తొడుక్కునే తెల్ల అంగి తెల్లది కాదు. నీలిది. ఏదో కొద్దిగా నీలం కొట్టడం కాదు, దూరం నుంచి చూసినా బాపు వస్తున్నాడని గుర్తుపట్టగలిగేంత నీలం. ధోవతిదీ అదే రంగు. పొద్దున్నే ఆ రెండూ కట్టుకుని, తలకు నూనె రాసుకుని, ఠీవిగా చాయ్ హోటల్‌కు బయలుదేరేవాడు. ఎదురొచ్చినవాళ్లు పలకరించి, దాటాక నవ్వుకునేవాళ్లు. ఈయనేమో తిరిగి వాళ్ల మీదే జాలిపడేవాడు. ఈ కాలం ఆడవాళ్లకు బట్టలుతకడం రాదనీ, ఊళ్లో ఒక్కడి అంగి కూడా తెల్లగా లేదనీ ఇంటికొచ్చి అమ్మకు చెప్పేవాడు. అమ్మ తల ఊపేది.

ఇదంతా మొదలైంది అమ్మ ఉతుకుడు దగ్గరే. ఒకరోజు బాపుకు తన అంగి పచ్చబారినట్టు కనిపించింది. సబ్బు మంచిది కాదన్నాడు. అమ్మ సబ్బు మార్చింది. నీళ్లు మంచివి కావన్నాడు. అమ్మ బోరింగు నీళ్లు మాని నల్లా నీళ్లతో ఉతికింది. అయినా ఆయనకు పచ్చగానే కనిపించింది. చివరికి లోపం సబ్బులోనూ నీళ్లలోనూ లేదు, అమ్మ చేతిలో ఉందని తేల్చాడు. ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషి కనుక అమ్మ వాదన పెట్టుకోలేదు. బకెట్టులో నీలిమందు పోసింది. చాలదన్నాడు, ఇంకాస్త పోసింది. అలా పోస్తూ పోస్తూ ఒకరోజు అంగి ఆరేస్తే, బాపు దాన్ని ఎండలో పట్టుకుని చూసి, "ఇగో, తెలుపంటే గిది" అన్నాడు. అప్పటికి మా దండెం మీద నీలం తప్ప వేరే రంగు లేదు. నేను అమ్మను అడిగితే, ఆయనకు తెల్లగా కనిపిస్తే తనకు చాలనీ, ఊరికి ఎట్లా కనిపించినా తనకేం ఫికర్ లేదనీ అంది. మా ఇంట్లో శాంతి నిలబడింది నీలిమందు మీదే.

బాపు నేల మీద పరిచే నూలు దరీలు నేస్తాడు. చారల దరీలు, నీలం తెలుపు, ఎరుపు తెలుపు. గుంట మగ్గంలో కాళ్లు పెట్టి కూర్చుంటే ఆయనకు కళ్లతో పనిలేదు, చేతులే అన్నీ చూసుకుంటాయి. మాకు అనుమానం రాకపోవడానికి సగం కారణం అదే. తెగిన పోగును తడిమి పట్టుకునే మనిషికి చూపు తగ్గిందని ఎవరికి తోస్తుంది? నేను హనుమకొండలో ఉంటాను, వారానికోసారి వచ్చిపోతుంటాను. ఒకసారి చౌరస్తాలో ఆయన నాకు ఎదురొచ్చాడు. నవ్వుతూ నిలబడ్డాను. నా మొహంలోకి నేరుగా చూసి, కరెంటు స్తంభాన్ని తప్పించుకున్నట్టు తప్పించుకుని వెళ్లిపోయాడు. ఇంకేముంది, నాకు ఒళ్లు మండింది. కన్నబిడ్డకు బజార్లో ముఖం చాటేసేంత కోపం నా మీద ఎందుకొచ్చిందా అని ఆలోచించి, ఆలోచించి, కారణాలు కూడా కనిపెట్టాను. పండుగకు రాలేదని ఒకటి, అమ్మకంటే ముందు అత్తగారిని బట్టల దుకాణానికి తీసుకెళ్లానని ఇంకొకటి. మీ బాపు నిన్ను చూసి ఉండడేమో అని మా ఆయన మెల్లిగా అన్నాడు. మా బాపు చూపు గురించి నువ్వా మాట్లాడేదని ఆయన మీద లేచాను. అలిగి కొన్ని వారాలు పుట్టింటికి పోలేదు. నేను అలిగానని బాపుకు తెలియను కూడా తెలియదు.

ఇక ఆ చాయ్ హోటల్ సంగతి చెప్పాలి. అక్కడ రోజూ ఒక సభ జరిగేది. సభ్యులందరిదీ ఒకే ఈడు. అందరి కళ్లలోనూ ఎంతో కొంత పొర ఉండే ఉంటుందని ఇప్పుడు అనిపిస్తుంది, ఎందుకంటే తీర్మానాలన్నీ ఏకగ్రీవంగా పాసయ్యేవి. వీధి దీపాలు కల్తీవి, వాటి చుట్టూ వలయాలు కనిపిస్తున్నాయి. పేపరు వాళ్లు సిరా పొదుపు చేస్తున్నారు. పాలు పచ్చబడ్డాయి. మోటరు సైకిళ్ల లైట్లు మనుషుల కళ్లు పోగొట్టడానికే పెడుతున్నారు. లోకానికి తెగులు పట్టిందని అంతమంది పెద్దమనుషులు ఒక్క గొంతుతో చెబుతుంటే కాదనడానికి మనమెవరం? నేను కూడా ఇంటికెళ్లి, ఇప్పటి నూలు అప్పటి నూలులా లేదట అని మా ఆయనకు చెప్పిన రోజులున్నాయి.

ఆ సభలో బాపు పక్కన కూర్చునే మనిషి రంగుల కాక. నూలుకు రంగు అద్దడం ఆయన పని, అందుకే చిన్నప్పటి నుంచి మేమందరం అలాగే పిలిచాం. ఆయనా బాపూ చడ్డీలేసుకున్న నాటి నుంచి దోస్తులు. మా మగ్గం మీద కొత్త పడుగు ఎక్కించిన ప్రతిసారీ మొదటి చిలపను, అంటే రంగద్దిన నూలు కట్టను, కాకే స్వయంగా చేత్తో పట్టుకొచ్చేవాడు, అమ్మ ఆయన చేతిలో బెల్లం ముక్క పెట్టేది, ఆయన అది నోట్లో వేసుకున్నాకే బాపు మగ్గంలోకి దిగేవాడు. ఎప్పుడు మొదలైందో తెలియదు గానీ, అది లేకుండా మా ఇంట్లో ఒక్క దరీ కూడా మొదలవలేదు. కాక చేతులు మణికట్టు దాకా నీలంగా ఉండేవి. పెళ్లిళ్లకు ఎంత తోముకుని వచ్చినా గోళ్లలో ఆ నీలం పోయేది కాదు. చిన్నప్పుడు నేను ఆ చేతులను చూసి ఆయన పుట్టుకే అంత అనుకునేదాన్ని.

అమ్మ దగ్గర నీలిమందు పనిచేసింది. కాక దగ్గర పనిచేయలేదు. ఆయన తెచ్చిన నీలం నూలు బాపుకు ఆకుపచ్చగా, మురికిగా కనిపించడం మొదలైంది. మొదట గొణిగాడు. తర్వాత రంగు సరిగ్గా ఉడకలేదన్నాడు. కాక నవ్వేసి, పోయిన ఏడు పోసిందే ఈ ఏడూ పోసానన్నాడు. అమ్మ లాగా రాజీపడి ఇంకో చెంచా కలిపితే గొడవ ఉండేది కాదు, కానీ రంగు దగ్గర ఆయనకు ఎవరి మాటా ఎక్కదు. ఒకరోజు పొద్దున హోటల్లో, సభ నిండుగా ఉండగా, బాపు ఆ మాట అనేశాడు.

"రంగుల నీళ్లు కలుపుతానవ్ రా నువ్వు. నీలమని చెప్పి నాకు ఆకుపచ్చ అంటగడ్తానవ్."

కాక చాయ్ గ్లాసు కింద పెట్టి, రెండు చేతులూ బాపు మొహం ముందు చాచాడట. "గీ చేతులు చూసి చెప్పు. ఇవి ఏం రంగున్నయ్?"

బాపు చూశాడు. "మసి రంగున్నయ్" అన్నాడు.

కాక లేచి వెళ్లిపోయాడు. మళ్లీ ఆ హోటల్‌కు రాలేదు, మా గడప తొక్కలేదు. రంగు అద్దేవాడిని పదిమందిలో పట్టుకుని నీళ్లు కలుపుతున్నావంటే అది తిట్టు కాదు, మనిషిని కొట్టడమే. అమ్మ చాలా ఏడ్చింది. బాపు మాత్రం తాను నిజమే చెప్పానన్న గర్వంతో ఉన్నాడు. కళ్లారా చూసిన నిజం కదా మరి. రుజువు ఉండాలని కాక తెచ్చిన ఆఖరి చిలపను మగ్గం పక్కన మేకుకు తగిలించి, వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు. చూసినవాళ్లు అది నీలంగానే ఉందని ఎందుకు చెప్పలేదని మీరు అడగవచ్చు. నీలం అంగి తొడుక్కుని తెలుపంటున్న మనిషితో రంగుల గురించి వాదించే ఓపిక ఎవరికుంది? అందరూ ఔనౌనని చాయ్ తాగిపోయారు.

ఆ తర్వాత బాపు ఇంకో రంగులాయనను పట్టుకున్నాడు. ఆయన చాలా మంచివాడు, దేనికీ కాదనడు. బాపు తొట్టి పక్కన నిలబడి ఇంకా పొయ్యి, ఇంకా పొయ్యి అంటుంటే పోసుకుంటూ పోయాడు. తెల్ల నూలుకు కూడా బాపు కోరినంత తెలుపు తెప్పించాడు, అంటే ఏమిటో మీకు తెలుసు. ఆ నూలుతో బాపు నేసిన దరీని చేనేత సొసైటీలో పరిస్తే, సరుకు తీసుకునే ఆయన రెండడుగులు వెనక్కి వేసి, ఇందులో చారలెక్కడున్నాయని అడిగాడట. అంతా నీలమే. ముదురు నీలం పక్కన లేత నీలం. ఇది తీసుకోలేమని వాపసు ఇచ్చారు. జీవితంలో బాపు దరీ వాపసు రావడం అదే మొదటిసారి.

ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. భుజం మీద దరీ వేసుకుని చెమటలు కక్కుతూ వచ్చి, అరుగు మీద పడేసి, సొసైటీ ఆయన కళ్లు పోయాయని తీర్పు చెప్పాడు. నేను దరీ విప్పి చూశాను. నవ్వు ఆపుకోలేకపోయాను. ఆయనకు కోపం వచ్చింది. నాకూ వచ్చింది, నాదీ ఆయన రక్తమే కదా. దండెం మీది అంగి లాక్కొచ్చి ఇది ఏం రంగని అడిగాను. తెలుపన్నాడు. నా మెడలో చున్నీ తీసి ఆయన చేతిలో పెట్టి, మరి ఇది ఏం రంగన్నాను.

"పసుపు" అన్నాడు, ఏమాత్రం తడబడకుండా.

అది కొత్త తెల్ల చున్నీ. అదే రోజు మడత విప్పి వేసుకున్నాను. నా నవ్వు అక్కడే ఆగిపోయింది. ఆయన అబద్ధమాడటం లేదు, మొండికేయడం లేదు. ఆయనకు అది నిజంగానే పసుపు. ఆ రోజు చౌరస్తాలో కూడా ఆయనకు నేను కనిపించలేదన్నమాట.

దవాఖానకు పోదామంటే వినే మనిషా? "నా కండ్లకేం రోగం? మంచిగనే కనవడుతానయ్" అన్నాడు. ఇక నాకే చూపు సరిగ్గా లేదనీ, తోడు రమ్మనీ అబద్ధం చెప్పి హనుమకొండలో ఒక కళ్ల దవాఖానకు తీసుకెళ్లాను. ఆటోలో దారంతా నాకు జాగ్రత్తలు చెప్పాడు. ఫోను ఎక్కువ చూడొద్దన్నాడు, క్యారెట్లు తినమన్నాడు. డాక్టరమ్మ ఆయన కళ్లలోకి లైటు వేసి చూసి, రెండు కళ్లలోనూ శుక్లాలు బాగా ముదిరాయనీ, ఇన్నాళ్లూ ఎట్లా తిరుగుతున్నారనీ అడిగింది. బాపు నన్ను చూపించి, ఈమెకు కనిపించడం లేదంటే తోడొచ్చానని చెప్పాడు.

డాక్టరమ్మ గట్టిగా చెప్పాక ఒప్పుకున్నాడు. ముందు కుడి కంటికి ఆపరేషన్ చేశారు, ఎడమది కొన్ని వారాలాగి చేస్తామన్నారు. కట్టు విప్పాక బయటికొచ్చి బాపు మెట్ల మీద ఆగిపోయాడు. పైకి చూశాడు. తర్వాత తన చెయ్యి చూసుకున్నాడు, ఆ చేతికున్న అంగి చూసుకున్నాడు. ఇంటికి రాగానే అమ్మను నిలదీశాడు.

"నా అంగికి ఏమైంది?"

"నువ్వు అడిగిన తెలుపే" అంది అమ్మ.

"ఊరంత చూసిండ్రా?"

"చూసిండ్రు, నవ్విండ్రు. ఇగ ఊకో."

తనకెందుకు చెప్పలేదన్నాడు. చెబితే వినేవాడివా అంది. అన్నీ పారేసి కొత్తవి కొనుక్కుంటానని బాపు అంటే, చిరిగేదాకా అవే తొడగాలని అమ్మ ఖరాఖండిగా చెప్పింది. అంత నీలిమందు పోసి పోసి ఆమె చేతులు కూడా పాడయ్యాయి మరి.

తర్వాత కొన్నాళ్లు మా ఇంట్లో ఇద్దరు బాపులు తిరిగారు. కుడి కన్ను మూస్తే పాత బాపు, ఎడమ కన్ను మూస్తే కొత్త బాపు. గోడ ఒక కంటికి పసుపు రంగు, ఇంకో కంటికి సున్నం రంగు. పిల్లాడిలా అరగంటసేపు ఒక్కో కన్ను మూసి తెరిచి ఆడుకునేవాడు. కొత్త కన్ను పెట్టుకుని వంటింట్లోకి వచ్చి, మూలలో బూజు ఉందనీ, గిన్నె అడుగున జిడ్డు ఉందనీ చెప్పడం మొదలుపెట్టాడు. అమ్మ రెండు రోజులు ఓర్చుకుని, వంటింట్లోకి వస్తే ఆ కన్ను మూసుకుని రమ్మంది. నాకైతే సంబరంగా ఉండేది. లోకం బాగానే ఉంది, బాపు కూడా బాగుపడ్డాడు, ఇక కథ అయిపోయిందనుకున్నాను.

అప్పుడు ఆయన మేకుకున్న చిలప చూశాడు.

తీసుకుని వాకిట్లో ఎండకు వెళ్లాడు. ఎడమ కన్ను మూసి చూశాడు. కుడి కన్ను మూసి చూశాడు. మళ్లీ చూశాడు. అది ఎంత చక్కటి నీలమో నాకు గుమ్మంలో నుంచే కనిపిస్తోంది. బాపు ఆ చిలపను ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. అన్నానికి పిలిస్తే రాలేదు. సాయంత్రం దాకా అట్లాగే ఉన్నాడు. ఆయన అంత సిగ్గుపడటం నేనెప్పుడూ చూడలేదు. నాకు భయమేసింది. పక్క వీధిలోనే ఉన్న మనిషి దగ్గరికి ఆయన వెళ్లగలడా, వెళితే ఆ మనిషి లోపలికి రానిస్తాడా అని.

మర్నాడు పొద్దున అమ్మ కాగితంలో బెల్లం చుట్టి ఆయన జేబులో పెట్టింది. ఒక కంటితో రోడ్డు ఎట్లా దాటుతాడోనని నేను వెంట నడిచాను. ఆయన ఒంటి మీద ఆ నీలం అంగే, చేతిలో ఆ నీలం చిలపే. తప్పు ఒప్పుకోవడానికి ఇంతకంటే తగిన వేషం దొరకదు.

కాక వాకిట్లో తొట్లు బోర్లించి ఉన్నాయి. వాటి మీద కోళ్లు కూర్చున్నాయి. గంగాళం కింద పొయ్యిలో గడ్డి మొలిచింది. కాక మంచం మీద కూర్చుని ఉన్నాడు, మమ్మల్ని చూసి లేచి, బాపుకు చోటిచ్చాడు. పోట్లాడతాడని సిద్ధపడి వచ్చిన మాకు ఏం చేయాలో తోచలేదు. నేను ఆయన చేతులు చూశాను. నీలం లేదు. గోళ్లలో కూడా లేదు. ముసలివాళ్ల చేతులెట్లా ఉంటాయో అట్లా ఉన్నాయి. ఆ చేతులు ఎవరివో అనిపించింది నాకు.

బాపు చిలపను ఆయన ఒళ్లో పెట్టాడు. ఒకటికి రెండుసార్లు దగ్గాడు.

"ఇది నీలమే రా. ఆనాడు గూడ నీలమే. నా కండ్లల్ల పొర ఉండె. లేకుంటే నిన్ను నలుగుట్ల అట్ల అనకపోదును."

కాక చిలపను రెండు చేతుల్లో పట్టుకుని వాకిలి వెలుగులో తిప్పి తిప్పి చూశాడు. చాలాసేపు చూశాడు. నేను ఆయన నవ్వుతాడని ఎదురుచూశాను.

"నా మనసు కోసం చెప్పకు రా. నువ్వు అన్నదే నిజం. నేనే ఆనాడు ఒప్పుకోలే. తర్వాత తర్వాత నాకు గూడ కనవడ్డది. ఎంత పోసినా ఆకుపచ్చే కొడ్తాంది. నా చెయ్యి పోయింది. గందుకే తొట్లు బోర్లేసిన."

బాపు నా వైపు చూశాడు. ఈయన లేని తప్పు మోపితే, కాక మొదట పోట్లాడి, తర్వాత తన కళ్లతో తానే చూసి ఆ తప్పును ఒప్పుకున్నాడు. తొట్లు బోర్లించుకుని, ఎవరికీ చెప్పకుండా ఈ మంచం మీద కూర్చుండిపోయాడు. ఇంత పెద్ద వరంగల్లులో ఆ నూలు నీలంగానే ఉందని ఈ మనిషికి చెప్పినవాడు ఒక్కడూ లేడు. చెప్పినా నమ్మేవాడు కాదేమో. ఇప్పుడు బాపు చెబుతున్న నిజం ఆయనకు ఓదార్పు మాటలాగే వినిపిస్తోంది. నాకు ఎవరి మీద కోప్పడాలో తెలియక, ఆ కోళ్లను అదిలించాను.

నాతో దవాఖానకు రా, నీ కళ్లు చూపిద్దామని బాపు మెల్లిగా అన్నాడు. కాకకు చిరాకేసింది. చిలప మంచం మీద పెట్టి, ఇన్నాళ్లకు మొదటిసారి పాత కాకలా గొంతు పెంచాడు.

"నా కండ్లకేం రోగం? మంచిగనే కనవడుతానయ్. ఇగో, నీ అంగి సూడు, ఎంత తెల్లగ మెరుస్తాంది. వదినె ఉతుకుడంటే ఉతుకుడు. కండ్లు పోయినోనికి గా తెలుపు కనవడ్తదా?"

బాపు తల వంచి తన అంగి చూసుకున్నాడు. నాకు నవ్వు రావాలి, ఇలాంటివి దొరికితే వదిలేదాన్ని కాదు. ఏడుపొచ్చింది. బాపు జేబులో నుంచి బెల్లం తీసి, కాగితం విప్పి, ఆ రంగు పోయిన చేతిలో పెట్టాడు.

"మొన్నటిదాంక నాకు గూడ తెల్లగనే కనవడ్డది రా" అన్నాడు.